పటాలమ్మ ఇత్తడి గుండీ

కొత్తగా పెట్టిన భద్రతా శాఖలో ఇరవై రెండు పాత కార్యాలయాలను కలిపేశారు. ఎవరు ఎవరి కింద పనిచేయాలో చూపించే పటం మాత్రం ఒక్క మనిషే గీస్తుంది. అందరూ ఆమెను పటాలమ్మ అంటారు. పొద్దున్నే వచ్చి, చెప్పులు బల్ల కింద విడిచి, పెన్సిల్ చెవి వెనక దోపుకుని, దుప్పటంత కాగితం మీదికి వంగుతుంది. సిరా జోలికి పోదు. "పెద్దల మాట మధ్యాహ్నందాకా నిలబడితే అప్పుడు చూద్దాంలే" అంటుంది. గీయడం అయ్యాక ఆమె పెట్టే పరీక్ష ఒకటుంది. భర్త పాత యూనిఫాం నుంచి ఊడిన ఇత్తడి గుండీని పటంలో రైల్వేస్టేషన్ గడిలో పెడుతుంది. "ఎవరో సంచి వదిలేసిపోయారు. ఇప్పుడెవరికి చెప్పాలి?" అని గొణుక్కుంటూ గీతల వెంట జరుపుతుంది.

నిన్న ఆ గుండీ సమాచార విభాగానికి వెళ్లింది, అక్కణ్ణుంచి తనిఖీకి, తర్వాత అనుమతులకు. అలా పదకొండు గడులు తిరిగి, గానుగెద్దులా మళ్లీ స్టేషన్‌కే వచ్చింది. పక్కనే నిలబడి చూస్తున్న డైరెక్టరు నవ్వేశాడు.

"దానికేముందమ్మా, సమన్వయ విభాగమని మధ్యలో ఇంకో గడి గీసెయ్యండి."

పటాలమ్మ గీసింది. గుండీ ఈసారి పన్నెండు గడులు తిరిగి స్టేషన్‌కే చేరింది.

"ఇంకోటి గీయమన్నా గీస్తానండి," అంది ఆమె, గుండీ మీంచి వేలు తీయకుండానే. "కాకపోతే ఇది తిరిగొచ్చేదాకా ఆ సంచి పక్కన కాపలా నిలబడేది స్టేషన్‌లో డ్యూటీ చేసే మా ఆయనండి."

డైరెక్టరు నవ్వు ఆపాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, బల్ల మీదున్న రబ్బరు అందుకున్నాడు.