రెండు దగ్గర దొరికిన తప్పు

ఏం చదివావని అడిగితే ముత్యం అంకగణిత జ్యామితి అనేవాడు. బోధన్‌లో ఎవరూ మారు ప్రశ్న వేసేవారు కాదు, పాపం. సమీకరణాన్ని గీతగా గీసి, ఆ గీత మీద పూర్ణసంఖ్యలు ఎక్కడ దొరుకుతాయో వెతికే విద్య అది. చెరుకు కొట్టి చదివించిన తల్లి జ్ఞానమ్మకు మాత్రం కొడుకు వెతికేది పెద్దదేనని నమ్మకం.

నిజామాబాద్ కాలేజీలో పాఠాలు చెబుతూనే, ఏళ్ల తరబడి తంటాలు పడి ముత్యం ఒక సిద్ధాంతం నిరూపించాడు. బొంబాయిలోని ఒక పరిశోధన సంస్థ ఉపన్యాసానికి పిలిచింది. మెప్పిస్తే అక్కడే ఉద్యోగం. నలభై దాటినవాడికి అలాంటి పిలుపు మళ్లీ రాదు. 1997లో, రైలెక్కాల్సిన ఆదివారం పొద్దున, జ్ఞానమ్మ చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టించింది. మేలు పొందినవాడు లేచి సాక్ష్యం చెప్పడం అక్కడి ఆనవాయితీ.

పాట నడుస్తోంది. ముత్యం పెదవులు పాడుతున్నాయి గాని బుర్ర ఉపన్యాసం వల్లిస్తోంది. ఒక్కో ప్రధాన సంఖ్యను తీసుకుని, దాని గుణిజాలన్నిటినీ సున్నాగా భావించి చూడటం ఆ పనిలో పద్ధతి. రెండు అనే సంఖ్య వంతు వచ్చినప్పుడు ఆ రెండే సున్నా అయిపోతుంది. సున్నాతో ఎవడూ భాగించకూడదు. తన రుజువులో ముత్యం అక్కడ కూడా అలవాటుగా రెండుతో భాగించేశాడు.

ఆ తప్పు ఇప్పుడే కంటపడింది. రుజువు చదివి పత్రికలో అచ్చుకు ఒప్పుకున్న పెద్దలు కూడా చూడకుండా దాటిపోయారు. నోరు మూసుకుంటే ఉద్యోగం చేతిలో పడ్డట్టే. అంతలో పాస్టర్ పేరు పిలిచాడు.

ముత్యం లేచాడు. 

"నా లెక్కల తప్పున్నది. గిప్పుడే దొరికింది. నన్ను మెచ్చుకోకుండ్రి."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అలవాటు కొద్దీ ఎవరో ఆమెన్ అన్నారు. ముత్యానికి బరువు దిగినట్టయింది, కాస్త గర్వం కూడా కలిగింది.

బయటికొచ్చాక, బొంబాయి సార్లకు ఈ సంగతి తెలుసా అని జ్ఞానమ్మ అడిగింది. తెలియదన్నాడు.

"మాకు సెప్పుడు అల్కగనే ఉంటది బిడ్డా. మాకేం సమజైతది? గా సార్ల ముంగట సెప్పు."

ముత్యం ముఖం పాలిపోయింది. తల్లి మీద కోపం కూడా వచ్చింది. రైల్లో దారి పొడవునా కునుకు పడితే ఒట్టు.

బొంబాయిలో సుద్దముక్క తీసుకుని మొదట రాసింది ఆ తప్పే. ముందు వరుసలోని పెద్దాయన బోర్డు వైపు చూసి చూసి, రుజువు చదివినప్పుడు తానూ గమనించలేదని ఒప్పుకున్నాడు. ఉద్యోగం మాత్రం ఇంకొకరికి ఇచ్చారు.

ముత్యం నిజామాబాద్‌లోనే ఉండిపోయాడు. రెండు అనే సంఖ్య సంగతి తేల్చడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. ఈసారి రుజువు నిలబడింది, బొంబాయివాళ్లే మెచ్చుకున్నారు. అప్పటికి జ్ఞానమ్మ పోయి రెండు నెలలు. సాక్ష్యం చెప్పమని పాస్టర్ కబురంపితే, ముత్యం వెళ్లలేక ఇంట్లో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.