నలభై ఒకటో ఉత్తరం

మా పక్కింటి టీచరుగారు పోయారని మొన్న ఉదయం అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "ఎవరు చెప్పారు? నువ్వు చూశావా?" అని అడిగాను. అమ్మ ఏడుస్తూనే విసుక్కుంది. ఏం చేయను, దేన్నీ ఒక్క మాటకే నమ్మకపోవడం నేర్చుకున్నది ఆవిడ దగ్గరే.

కొవ్వూరులో మాకూ ఆవిడకూ మధ్య నడుమెత్తు గోడ. లెక్కల టీచరుగా రిటైరయ్యారు. ఆదివారం చర్చికి బయల్దేరితే తాళం మూడుసార్లు లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి లాగేవారు. తన కంప్యూటరు పెట్టె స్క్రూల మీద గోళ్ళరంగు చుక్కలు పెట్టుకున్నారు, ఎవరైనా విప్పితే తెలిసిపోవాలని. "రిపేరు చేసేవాడి మాటలు వినకూడదే, చేతులు చూడాలి" అనేవారు.

రెండేళ్ళ క్రితం ఆ కంప్యూటరు నీలం తెర దగ్గరే ఆగిపోవడం మొదలెట్టింది. ఫార్మాట్ కొట్టాలి, లోపలున్నవన్నీ పోతాయి అన్నారట షాపులో. ఆవిడ నమ్మలేదు. పెట్టెను ఆటోలో వెనక్కి తెచ్చేసుకున్నారు. నేను గోడ మీంచి నోరు జారాను. "ఏమీ పోవండి. ముందు ఫైళ్ళు బయటికి తీసి, తర్వాత సిస్టం మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుంది."

ఆవిడ కళ్ళజోడు సవరించుకున్నారు. "బ్యాంకు కోచింగులో ఇవి కూడా చెప్తున్నారేంటి?"

కోచింగుకని ఇంట్లో చెప్పి, రోజూ రాజమండ్రిలో నేను వెళ్తున్నది కంప్యూటర్లు బాగుచేసే షాపుకి, పని నేర్చుకోవడానికి. నాన్నకు తెలిస్తే మళ్ళీ గోదావరి బ్రిడ్జి దాటనివ్వరు.

ఆ సాయంత్రమే ఆవిడ నన్ను పిలిచి కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన సిస్టంతో మిషన్ తెరిచాను. ఆవిడ పక్కనే కుర్చీ వేసుకుని నా చేతులే చూస్తున్నారు. ఫైళ్ళు బయటి డిస్కులోకి తీస్తుంటే 'ఉత్తరాలు' అనే ఫోల్డరు కనిపించింది. మునిసిపాలిటీకి, కరెంటాఫీసుకి, చివర్న మా నాన్నకి. ఆవిడ టీ పెట్టడానికి లేచారు. అంత అనుమానపు మనిషి నన్ను ఒంటరిగా ఎందుకు వదిలారో అప్పుడు తట్టలేదు. తెరిచాను.

"మీ అమ్మాయి కోచింగుకు వెళ్ళడం లేదు. రిపేరు షాపులో స్క్రూడ్రైవరు పట్టుకుని ఉండగా నా కళ్ళతో చూశాను."

తేదీ చూస్తే, రాసి రెండు వారాలైంది. నాన్న ఏమీ అనలేదంటే ఇంకా పంపలేదు. ఎప్పుడు పంపుతారు? చదవాలనే నన్ను కూర్చోబెట్టారా? ఆ ఒక్కటీ వదిలేసి మిగతావన్నీ కాపీ చేశాను. పాతది తుడిచేసి కొత్త సిస్టం ఎక్కించాను.

మిషన్ లేచింది. ఆవిడ ఫోల్డరు తెరిచి, వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టి, బీరువాలోంచి ఉత్తరాల లెక్క రాసుకున్న ఓ కాగితం తెచ్చారు.

"నలభై ఒకటి ఉండాలే. నలభయ్యే ఉన్నాయి."

"పాడైనప్పుడు పోయుంటుందండి."

"ఊఁ, పోయుంటుంది." స్కేలు పెట్టి నలభై ఒకటి కొట్టేసి, ఎర్ర పెన్నుతో పైన నలభై వేసి, హాజరుపట్టీ దిద్దినట్టు పక్కన పొట్టి సంతకం చేశారు. "వారంలోగా మీ నాన్నకి నువ్వే చెప్పెయ్యి. మళ్ళీ టైపు చేసే ఓపిక నాకు లేదు."

ఇవాళ నేను ఆ పనితోనే బతుకుతున్నాను. మిగతా నలభైలో ఆవిడ అసలు ఎన్ని పంపారోనని నాకిప్పటికీ అనుమానమే.

ఆరో రోజు సాయంత్రం నాన్నకు చెప్పాను. ఆయన అరుపులు వీధి చివరి దాకా వినిపించి ఉంటాయి. కిటికీలోంచి చూస్తే, గోడ అవతల టీచరుగారు కుళాయి దగ్గర నిలబడి ఉన్నారు. చుక్క నీళ్ళు వృథా కానివ్వని మనిషి. బకెట్ నిండి పొర్లి, నీళ్ళు ఆవిడ చెప్పుల కిందినుంచి మందార పాదులోకి పారుతున్నాయి. ఆవిడ చూపు మాత్రం మా గుమ్మం మీదే ఉంది.