దాణా కొట్టు హాల్లో రెండో వయొలిన్

దయ్యాల కథలంటే నాకు మొదటి నుంచీ చిరాకు. భయం కాదు, చిరాకే. టెక్సస్‌లోని ప్లేనోలో ఒక కంపెనీలో సర్వర్లు ఎందుకు పడిపోయాయో కనిపెట్టడం నా ఉద్యోగం. "దానంతటదే ఆగిపోయింది మేడమ్" అని ఎవరైనా అన్నారంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏదీ దానంతటదే జరగదు. ఓపిగ్గా రికార్డులు తీసి చూస్తే ఎక్కడో ఎవరో వేలు పెట్టే ఉంటారు. ఇరవయ్యేళ్ళుగా నేను చూసింది అదే.

అలాంటి నేను ఇది రాస్తున్నానంటే మా ఆయన శ్రీధర్‌కి నవ్వొస్తోంది. తను వరంగల్ మనిషి, ఏదీ దాచుకోడు. "రాస్తే రాయి గానీ, మీ ఆఫీసోళ్ళకు మాత్రం చూపియ్యకు" అన్నాడు.

ప్లేనో నుంచి ఉత్తరంగా నలభై నిమిషాలు డ్రైవ్ చేస్తే ఒక చిన్న ఊరుంది. అక్కడ ఒకప్పుడు పశువుల దాణా అమ్మిన కొట్టును పాటల హాలుగా మార్చారు. మొత్తం ఎనభై కుర్చీలు. గిటారు, బాంజో, ఫిడిల్ పట్టుకుని కంట్రీ, అమెరికానా అని అక్కడి జానపద బాణీ పాటలు పాడేవాళ్ళు వస్తుంటారు. హాలు నడిపేది డార్లీన్ అనే డెబ్బై దాటిన టెక్సస్ ఆవిడ. టికెట్లు చూసేదీ, సౌండ్ సరిచేసేదీ, కాఫీ కలిపేదీ ఆవిడే. పాట జరుగుతుంటే ఎవరూ నోరు విప్పకూడదన్నది అక్కడి రూలు. మన సభల్లో పెరిగిన నాకు మొదట్లో అది వింతగా ఉండేది. మా కాకినాడలో కచేరీ పూర్తయ్యేలోపు వెనక వరసల్లో పెళ్ళి సంబంధాలు కూడా కుదిరిపోయేవి.

కొలీగ్ ఇచ్చిన టికెట్ వృథా చేయడం ఇష్టం లేక మొదటిసారి వెళ్ళాను. ఆ తర్వాత మానలేకపోయాను. వాళ్ళ పాటల్లో చాలావాటికి మన మోహన రాగం చాయ ఉంటుంది. వింటుంటే ప్రాణానికి హాయిగా ఉండేది. అయితే వాళ్ళ వెబ్‌సైట్‌లో 'రాబోయే కచేరీలు' పేజీ మాత్రం తప్పుల తడక. అయిపోయిన కచేరీలకి కూడా టికెట్లు అమ్మేస్తోంది! ఊరుకోలేక డార్లీన్‌కి చెప్పాను. "అంత బాధగా ఉంటే నువ్వే బాగుచెయ్" అంది. అంతే, ఆరేళ్ళుగా ఆ పేజీ నా నెత్తిన పడింది.

నాకు వయొలిన్ వచ్చని ఆవిడకి తెలిసిన తీరు ఇంకా తమాషా. ఓసారి పాట వింటూ అలవాటు కొద్దీ తొడ మీద తాళం వేసుకుంటున్నాను. ఒక దెబ్బ, ఆ తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు. నేను జనాన్ని లెక్కపెడుతున్నానని అనుకుందట డార్లీన్. విరామంలో వచ్చి "ఎంతమంది తేలారు?" అని అడిగింది. అది తాళమని చెప్పాను. తాళమంటే ఏంటి, నీకెలా వచ్చు అని కూపీ లాగడం మొదలుపెట్టింది. పన్నెండేళ్ళు వయొలిన్ నేర్చుకున్నానని చెప్పేదాకా వదల్లేదు.

వాయించడం ఎందుకు మానేశానో మాత్రం అప్పుడు చెప్పలేదు. రెండేళ్ళ కిందట ఫిబ్రవరిలో ఇంటి ముందు ఐస్ మీద జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఆపరేషన్ చేసి ప్లేట్ వేశారు. ఎముక అతుక్కుంది గానీ ఉంగరం వేలు మొద్దుబారిపోయింది. రోజువారీ పనులకేమీ ఢోకా లేదన్నాడు డాక్టర్. వయొలిన్ ఆయన లెక్కలో రోజువారీ పని కాదు మరి. పెట్టె తీసుకెళ్ళి క్లోజెట్‌లో పై అరలో పెట్టేశాను. ఆ రోజు బాత్రూంలో కుళాయి తిప్పుకుని బాగా ఏడ్చాను.

ఇదంతా తర్వాత చెప్పినా డార్లీన్ వింటేనా! ఆదివారం మధ్యాహ్నం జరిగే కచేరీలకు ముందు ఆవిడ కొత్తవాళ్ళకి ఇరవై నిమిషాలు ఇస్తుంది. ఒక్లహోమా నుంచి ఒక ఫిడిల్ విద్వాంసుడు వస్తున్నాడు, ఆయనకి ముందు నువ్వు వాయించమంది. ఇప్పుడు కాకపోతే ఇంక ఈ జన్మలో వాయించనేమోనని భయమేసి సరేనన్నాను. ఆ పేజీలో ఎంతమంది పేర్లు టైప్ చేశానో లెక్కలేదు. నా పేరు టైప్ చేయడానికి మాత్రం గంట పట్టింది.

వాయించాలనుకున్నది మా శారదమ్మ టీచర్‌గారి మోహన వర్ణం. ఆవిడ సొంతంగా కట్టింది. ఎక్కడా అచ్చు కాలేదు, ఎవరూ రికార్డు చేయలేదు. ఆవిడ దగ్గర నేర్చుకున్న నలుగురైదుగురికి తప్ప ఎవరికీ తెలియదు. వర్ణం చివర్లో చరణం తర్వాత వరసగా కొన్ని స్వరాలు, అంటే సరిగమలతో అల్లిన ముక్కలు, వస్తాయి; ఒక్కోటీ అయ్యాక మళ్ళీ చరణానికి రావాలి. ఒకదాన్ని మించి ఇంకొకటి కష్టం. మాకు ఆవిడ నేర్పినవి మూడు. మూడు నెలలు సాధన చేశాను. రోజూ రెండో స్వరం అయ్యాక ఆగిపోయేదాన్ని. వేలు బిగుసుకుపోయేది, ఆ కంగారుకి బుర్ర ఖాళీ అయిపోయేది.

మొదటిసారి స్టేజీ ఎక్కేవాళ్ళు రెండు వారాల ముందు ఒకసారి వచ్చి హాల్లో వాయించి చూసుకోవాలని డార్లీన్ పట్టుబడుతుంది. అది రికార్డ్ చేసి వాళ్ళకి పంపుతుంది కూడా. నేను ఒక శనివారం పొద్దున్న పదకొండింటికి వెళ్ళాను. హాల్లో మేమిద్దరమే. మనం కింద కూర్చుని వాయిస్తాం కదా, స్టేజీ మీద ఒక పాత బొంత పరిచింది. నా ముందు ఒకే ఒక్క మైకు పెట్టింది. మిగతావన్నీ విప్పి పెట్టెలో సర్దడం నేను కళ్ళారా చూశాను. రికార్డింగ్ ఆన్ చేసి, ట్రక్కులోంచి సామాను దించాలంటూ బయటికెళ్ళి తలుపు వేసేసింది.

వర్ణం మొదలుపెట్టాను. ఫరవాలేదనిపించింది. మొదటి స్వరం, రెండో స్వరం అయ్యాయి. అక్కడ ఎప్పటిలాగే వేలు బిగుసుకుపోయింది. కమాను కింద పెట్టేసి తల వంచుకుని కూర్చున్నాను. ఓ అరనిమిషం కూర్చుని ఉంటాను. అంతసేపూ హాలంతా నిశ్శబ్దంగా ఉంది. ఏసీ కూడా ఆపేసి ఉంది. ఇంతలో ఏమనిపించిందో, కమాను తీసుకుని ఆఖరి స్వరం ఎత్తుకుని, తప్పులతడకగా పూర్తి చేశాను.

డార్లీన్ రెండు నీళ్ళ బాటిళ్ళతో లోపలికొచ్చింది. ఒకటి నాకిచ్చింది. రెండోది పట్టుకుని స్టేజీ మీద అటూ ఇటూ చూసి, ఏమీ అనకుండా తనే తాగేసింది. నాకు ఏడుపొక్కటే తక్కువ, ఆ రెండో బాటిల్ సంగతి నేను పట్టించుకోలేదు.

ఇంటికొచ్చి "ఇంక నా వల్ల కాదు" అన్నాను శ్రీధర్‌తో. లిస్టులోంచి నా పేరు తీసేద్దామని ల్యాప్‌టాప్ తెరిచాను. అప్పటికే డార్లీన్ ఫైల్ పంపింది. ఎంత ఘోరంగా వాయించానో విని మరీ తీసేద్దామని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

రెండో స్వరం అయింది. నేను ఆగాను. వయొలిన్ ఆగలేదు.

చిన్నగా, నా వెనక రెండు గజాల దూరంలో ఎవరో కూర్చుని వాయిస్తున్నట్టుంది. నా శృతే, మోహనమే, పోకడ కూడా మా టీచర్‌గారిదే. కానీ ఆ స్వరం నేనెప్పుడూ విననిది. తాళంలో సరిగ్గా నాలుగు ఆవర్తనాలు నడిచి, చరణానికి తిరిగొచ్చి దిగింది. దిగిన చోట, ఒక్క అక్షరం కూడా అటూ ఇటూ కాకుండా, నా ఆఖరి స్వరం మొదలైంది.

హెడ్‌ఫోన్స్ తీసి శ్రీధర్ చెవులకి పెట్టాను.

"నువ్వే వాయించి మరిచిపోయినవ్. టెన్షన్ల ఉన్నవ్ గదా" అన్నాడు.

నేనూ ముందు అదే అనుకున్నాను. అందుకే మళ్ళీ మళ్ళీ విన్నాను. ఆ రెండో వయొలిన్ మోగుతుండగానే నేను కమాను బొంత పక్కన చెక్క మీద పెట్టిన టక్కుమనే చప్పుడు ఉంది. ఆ తర్వాత నా నిట్టూర్పు, గాజుల చప్పుడు. ఎవరైనా ఒకేసారి కమాను కింద పెట్టి, అదే కమానుతో వాయిస్తారా? అది వినిపించాక శ్రీధర్ "ఓర్నీ" అన్నాడు.

ఆఫీసులో ఎలా చూస్తానో అలాగే చూశాను. ఫైల్‌లో ఎక్కడా కత్తిరింపు, అతుకు లేవు. పాత రికార్డింగ్ ఏదైనా కలిసిందా అంటే, ఎవరూ రికార్డు చేయని వర్ణం ఎక్కడి నుంచి కలుస్తుంది? డార్లీన్‌కి ఫోన్ చేసి, ఏం జరిగిందో చెప్పకుండా ఆ బాటిళ్ళ సంగతి అడిగాను. సామాను దించుతుంటే గోడలోంచి ఒక ఫిడిల్ ఆగగానే ఇంకో ఫిడిల్ అందుకున్నట్టు వినిపించిందట, ఒక్లహోమా ఆయన ముందే ఊళ్ళోకి వచ్చి నాతో పాటు వాయిస్తున్నాడేమో అనుకుందట. ఆయన ఆ రోజు ఒక్లహోమాలోనే ఉన్నాడు. అప్పుడు అసలు సంగతి చెప్పాను. ఆవిడ "ఎవరైతేనేం, పాట మధ్యలో మాట్లాడలేదు. మా హాలుకి తగిన మనిషే" అంది.

టీచర్‌గారికి ఫైల్ వాట్సాప్‌లో పంపాను. ఏమీ రాయలేదు, వినమన్నానంతే. ఒక రోజంతా జవాబు లేదు. మర్నాడు ఆవిడే ఫోన్ చేశారు.

"అమ్మడూ, నీ వెనకాల కూర్చున్నదెవరే?"

"ఎవరూ లేరండీ."

"నాతో వేళాకోళమా? నేను కట్టింది అసలు నాలుగు స్వరాలు. వినగానే గుర్తుపట్టాను, ఇది అందులో మూడోది. దీనికి సోకులెక్కువయ్యాయని మా గురువుగారు మొహం మీదే అనేశారు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. రోషమొచ్చి మళ్ళీ వాయించలేదు. మీకెవ్వరికీ చెప్పనూ లేదు. తర్వాత కావాలనుకుంటే ఒక్క ముక్క గుర్తుకొస్తేనా! ఎన్నేళ్ళు వెతుక్కున్నానో తెలుసా?"

ఫోన్‌లో ముక్కు చీదుకున్న చప్పుడు. టీచర్‌గారు ఏడవడం నేనెప్పుడూ వినలేదు.

"ఎవరైనా గానీ, దాన్ని నాకు నేర్పు. రేపట్నుంచే" అన్నారు.

నేర్పాలంటే ముందు నాకు రావాలిగా! నా పేరు తీసేసే సంగతి పక్కన పెట్టి, రికార్డింగ్ వింటూ ఒక్కో ముక్క పట్టుకున్నాను. రోజూ పొద్దున్నే, ఆఫీస్‌కి లాగిన్ అయ్యే ముందు వీడియో కాల్. నేను వాయించడం, ఆవిడ తిరిగి వాయించడం. ఎనభయ్యేళ్ళ మనిషి, చిన్నపిల్లలా "మళ్ళీ, మళ్ళీ" అనేవారు. నా వేలి అవస్థ చూసి రెండో రోజే తిట్టారు. "అది మాట వినకపోతే బతిమాలతావేంటే? నడిమి వేలితో జారు." అలా జారితే వచ్చేసింది. మూడు నెలలు నాకు తట్టనే లేదు.

ఇంకొకటి కూడా తెలిసింది. రెండో స్వరం నుంచి ఆఖరి దానికి వెళ్ళడం మేడ మెట్లలో ఒకటి విరిగిపోతే దూకడం లాంటిది. మధ్య మెట్టు వచ్చాక దూకే పనే లేకపోయింది.

ఆ ఆదివారం హాలు నిండింది. ప్లేనో నుంచి మా తెలుగు స్నేహితులు ఆరుగురొచ్చారు. వాళ్ళు గుసగుసలాడుతుంటే డార్లీన్ వెళ్ళి వేలు చూపించి నోళ్ళు మూయించింది. బొంత మీద కూర్చుని నాలుగు స్వరాలూ వాయించాను. ఎక్కడా ఆగలేదు. చప్పట్లు కొడుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎవరికీ కనబడకుండా వంగి శృతి చూసుకుంటున్నట్టు నటించాను. ఒక్లహోమా ఆయన స్టేజీ పక్కన నిలబడి మొత్తం విన్నాడు. మూడోది ఇంకోసారి వాయించమని అడిగి, నా పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని నేర్చుకున్నాడు.

ఇంటికెళ్ళగానే ఆ రోజు రికార్డింగ్ విన్నాను. అందులో ఒకటే వయొలిన్ ఉంది, నాది. కాస్త దిగులేసిందంటే నవ్వకండి.

టీచర్‌గారు ఇప్పుడు కాకినాడలో పిల్లలకి నాలుగు స్వరాలూ నేర్పుతున్నారు. డార్లీన్ నన్ను ఇంకో రెండు ఆదివారాలకి వేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఒక్కదాన్నే వాయించినా ఆ హాల్లో మళ్ళీ అలా జరగలేదు. మా టీచర్‌గారే మర్చిపోయిన స్వరం, ఆవిడ ఎన్నడూ అడుగుపెట్టని టెక్సస్‌లో, ఎవరి చేతికి ఎలా వచ్చిందో నేను చెప్పలేను. ఆ అరనిమిషం నేను ఆగిపోయాను, వాళ్ళు ఆగలేదు. నాకు తెలిసింది అంతే.