చెయ్యెత్తే హక్కు

ఆ రోజుల్లో నా ఉద్యోగం అమెరికా బడిపిల్లలకు కంప్యూటర్ పాఠాలు తయారుచేయడం. ఐటీ కంపెనీలు వీధికొకటి పుట్టుకొస్తున్న కాలమది. మాది మేం వలసవచ్చిన దేశంలో, జురాంగ్ ఈస్ట్ అనే పేటలో పన్నెండుమంది పనిచేసే చిన్న ఆఫీసు. పాఠం అక్కడివాళ్ళు రాసి పంపేవాళ్ళు. దాన్ని బొమ్మలతో, ప్రశ్నలతో తెరమీద నడిచేలా చేయడం మా పని. ఆ ఏడు నా వంతుకు చరిత్ర వచ్చింది. తమకు నచ్చిన పద్ధతిలో దేవుణ్ణి కొలుచుకోవడానికి ఇంగ్లండు నుంచి ఓడలెక్కి అమెరికా తీరం చేరినవాళ్ళ కథ.

వాళ్ళు ఊరి మధ్యలో చెక్కలతో ఒక మందిరం కట్టుకున్నారు. ఆదివారం అందులో ఆరాధన. మిగతా రోజుల్లో ఊరి సభ కూడా అందులోనే. దారి ఎక్కడ వెయ్యాలి, పశువుల్ని ఎక్కడ మేపాలి, అన్నీ కూర్చుని మాట్లాడుకుని తేల్చుకునేవాళ్ళు. ఆ బొమ్మకు రంగులు వేస్తుంటే నాకు ముచ్చటేసింది. తర్వాతి తెరలో ప్రశ్న ఉంది. మసాచుసెట్స్ వలసలో పాలించేవాళ్ళను ఎన్నుకునే హక్కు ఎవరికి ఉండేది? చర్చి సంఘ సభ్యులుగా ఒప్పుకున్న మగవాళ్ళకు మాత్రమే అన్నది సరైన జవాబు. మందిరానికి అందరూ రావలసిందే, ఓటు మాత్రం కొందరికే. పిల్లలు ఆడమనిషి బొమ్మనో పనివాడి బొమ్మనో లాక్కొచ్చి ఓటు పెట్టె దగ్గర పెడితే అది తిరిగి వెనక్కి పోయేలా నేను ప్రోగ్రాం రాశాను. నాలుగైదుసార్లు సరిచూశాను కూడా. చక్కగా వెనక్కి పోయేది.

ఆ వారమే మా తెలుగు క్రైస్తవుల ప్రార్థన సహవాసం పెద్దాయన నా చేతికి నాలుగు కాగితాలు ఇచ్చారు. సహవాసానికి నియమావళి రాశాననీ, టైపు చేసి పెట్టమనీ అడిగారు. అందరం ఆయన్ని అంకుల్ అనేవాళ్ళం. జురాంగ్ ఐలాండ్‌లోని ఒక ప్లాంటులో పెద్ద ఇంజినీరు. మావారు ఆయన కిందే పనిచేసేవారు. అసలు మమ్మల్ని ఈ దేశానికి రప్పించిందే ఆయన. ఇక్కడ ఉండి పనిచేయడానికి మావారికిచ్చిన పాస్ మరో మూడు నెలల్లో రెన్యూవల్ కావాలి. దానికి ఆయన సిఫార్సు కావాలి.

టైపు చేస్తూ మూడో కాగితంలో ఆగిపోయాను. ఓటు కుటుంబానికి ఒకటి, అది ఇంటి యజమానికే. వర్క్ పర్మిట్ మీద ఉన్నవారు ఆరాధనకు రావచ్చు గాని వారికి ఓటు ఉండదు.

మా సహవాసంలో కుటుంబాలు ఇరవై లోపే. షిప్‌యార్డుల్లో, కట్టడాల్లో వర్క్ పర్మిట్ మీద పనిచేసే మగవాళ్ళు యాభైమంది దాకా వచ్చేవాళ్ళు. అసలు ఈ ప్రార్థన మొదలైందే వాళ్ళ డార్మిటరీలో. ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఒక వెల్డర్, నలభై దాటిన మనిషి, ఇనపమంచాల మధ్య కూర్చుని కీర్తనలు పాడించేవాడు. మేమంతా తర్వాత చేరినవాళ్ళం. చేరాక హాలు అద్దెకు తీసుకున్నాం, మైకు కొన్నాం, ఇప్పుడు నియమావళి.

కాగితం మావారికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి మడిచి ఇచ్చారు. "టైపు చెయ్యమన్నారు, చెయ్యి. మనకెందుకు?" అన్నారు. ఇందులో నాకూ ఓటు లేదు చూశారా అన్నాను. చూశానన్నారు. కోపం వచ్చింది గాని ఆయన భయం నాకూ తెలుసు. చోవా చూ కాంగ్‌లో మా ఫ్లాటు, పాప బడి, అన్నీ ఆ పాస్ మీదే నిలబడి ఉన్నాయి.

నియమావళి ఆమోదించే సమావేశం ఆ ఆదివారం రెండు గంటలకు పెట్టారు. పనివాళ్ళను ఆరాధనకు తెచ్చే లారీ వచ్చేది నాలుగింటికి. అది అందరికీ తెలిసిన సంగతే. శనివారం దాకా ఓపిక పట్టాను. సాయంత్రం మావారు పాపను ఈతకు తీసుకెళ్ళినప్పుడు వెల్డర్‌కు ఫోన్ చేసి ఆ రూలు సంగతీ, సమావేశం వేళా చెప్పాను. "నువ్వు చెప్పినట్టు ఎవరితోనూ అననులే సిస్టర్," అన్నాడు. ఆ మాటతో నాకు సిగ్గేసింది.

రెండింటికి హాల్లో కుటుంబాలు కూర్చున్నాయి. అంకుల్ ప్రార్థన మొదలుపెట్టారు. సగంలో తలుపు తెరుచుకుంది. పాతికమంది దాకా లోపలికి వచ్చారు. కొందరు పని బట్టల్లోనే ఉన్నారు, బూట్లు బయట విప్పి వచ్చారు. కుర్చీలు చాలక గోడ వారగా నిలబడ్డారు. అంకుల్ కళ్ళు తెరవలేదు, ప్రార్థన మాత్రం చాలా పొడుగైంది. అది అయ్యాక ఆయన నా వైపు తిరిగి, టైపు చేసింది నువ్వే కదమ్మా, చదువు అన్నారు.

లేచి చదివాను. పేరు, ఉద్దేశం, ఆరాధన వేళలు. మూడో కాగితం దగ్గర ఆగాను. మావారి వైపు చూశాను. ఆయన తల దించుకుని ఉన్నారు.

"ఇది నేను చదవలేనండీ. ఇది తప్పని నాకనిపిస్తోంది," అన్నాను.

అంకుల్ లేచి వచ్చి నా చేతిలో కాగితం తీసుకుని తనే చదివారు. కోప్పడలేదు. పర్మిట్ మనుషులు రెండేళ్ళుంటారు, వెళ్ళిపోతారు, ఉండేవాళ్ళు నిర్ణయిస్తేనే సంఘం నిలుస్తుందని నెమ్మదిగా వివరించారు. ఆయన అది నమ్మి చెప్పారనే ఇప్పటికీ అనుకుంటాను.

అప్పుడు వెల్డర్ గోడ దగ్గర నుంచి ఒక అడుగు ముందుకు వేశాడు. "మంచిది అంకుల్. ఇప్పుడీ రూలు మీద చెయ్యెత్తేదెవరు? అందరమా, మీరేనా?"

"కుటుంబాల పెద్దలు," అన్నారు అంకుల్. పదకొండు చేతులు లేచాయి. వద్దని ఐదు. మావారు ఎటూ ఎత్తలేదు. పనివాళ్ళు ఒకరి వెనక ఒకరు బయటికి నడిచారు. బూట్లు వేసుకోవడానికి వాళ్ళకు చాలాసేపు పట్టింది. ఆ చప్పుడు వింటూ కూర్చోలేక నేనూ లేచాను.

ట్రైన్‌లో మావారు నా పక్కనే కూర్చున్నారు. మూడు స్టేషన్లు దాటాక, "నాకు చెయ్యి లేవలేదు," అన్నారు. ఆ తర్వాత మూడు నెలలూ రెన్యూవల్ ఉత్తరం కోసం రోజూ భయపడుతూనే పోస్టుడబ్బా తెరిచేవాళ్ళం. ప్లాంటులో అంకుల్ మావారితో పని మాటలు తప్ప మాట్లాడేవారు కాదట. ఒక బుధవారం రెన్యూవల్ వచ్చింది, రెండేళ్ళకు. అంకుల్ ఎప్పుడో మొదటి వారంలోనే సంతకం పెట్టి పంపేశారని తర్వాత తెలిసింది. కృతజ్ఞత చెప్పడానికి మావారు వెళితే, "సంఘం వేరు, ఆఫీసు వేరు," అన్నారట.

ఈలోగా పనివాళ్ళకు ఒక పాత తమిళ చర్చివాళ్ళు తమ వెనకగది ఇచ్చారు. నేను అక్కడికే వెళ్ళాను. కొన్నాళ్ళకు మావారూ వచ్చారు. మొదటి సమావేశంలోనే వెల్డర్ నిలబడి, వచ్చిన ప్రతి మనిషికీ ఓటు ఉంటుంది, ఆడవాళ్ళకైనా సరే అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. రెండో విషయంగా, ఆడవాళ్ళు ముందు నిలబడి బైబిలు వాక్యం చదవవచ్చా అని ఎవరో అడిగారు. దాని మీద కూడా చేతులెత్తమన్నారు. చదవవచ్చని చెయ్యెత్తినవాళ్ళం తొమ్మిదిమందిమి. వాళ్ళలో మావారు ఒకరు. వద్దని ముప్ఫై చేతుల దాకా లేచాయి. ముందు వరసలో ఎత్తిన చెయ్యి వెల్డర్‌ది. నేను చదవలేనని నిలబడ్డ ఆ రోజు గోడ దగ్గర నుంచి నన్నే చూస్తూ ఉన్న మనిషి.

సోమవారం ఆఫీసులో నా పాఠం చివరి భాగం మొదలుపెట్టాను. ఇంగ్లండులో తమను బతకనివ్వలేదని వచ్చినవాళ్ళే, తమతో ఏకీభవించని ఒక బోధకుణ్ణి చలికాలంలో ఊరు వదిలిపొమ్మన్న ఘట్టం. ఇంట్లో కూటాలు పెట్టి వాక్యం చెప్పినందుకు ఒక ఆడమనిషిని విచారించి వెళ్ళగొట్టిన ఘట్టం. పిల్లలకు అర్థం కావాలని ఆమె బొమ్మను మూడుసార్లు మార్చి వేశాను.

మధ్యాహ్నం వెల్డర్‌కు ఫోన్ చేసి ఎందుకలా చేశావన్నా అని అడిగాను. "నువ్వు చదవకూడదని కాదు సిస్టర్. మా ఊళ్ళో అలా చదవరు. నాకు తెలిసింది నేను ఎత్తాను. నీకు కష్టమైతే మళ్ళీ అడుగు, మళ్ళీ ఎత్తుదాం," అన్నాడు.

అక్కడికి వెళ్ళడం మానెయ్యాలనుకున్నాను. మానలేదు. మరుసటేడు మళ్ళీ అడిగాను, మళ్ళీ ఓడిపోయాను, ఈసారి నాలుగు చేతుల తేడాతో. మూడో ఏడు నెగ్గింది. అప్పటికి వెల్డర్ పర్మిట్ అయిపోయి ఒంగోలు వెళ్ళిపోయాడు. ఆ ఆదివారం నేను కాదు, మా వరసలో కూర్చునే ఒక నర్సమ్మాయి ముందుకెళ్ళి చదివింది. బాగానే చదివింది, కాస్త వేగంగా.