నడుముకి తాడున్న నాన్న

టీ తాగుతా ఇనండి గాని, నోట్లో టీ ఉండగా నవ్వకండి, నా మీద పడతాది. మొన్న వైజాగ్ కాడ వాటర్ పార్కులో నా పేరు మైకులో సదివినారు. అవును, నా పేరే! అంత జనంలో, ఏసిన పాట ఆపీసి మరీ సదివినారు. సన్మానం సెయ్యడానికి కాదులెండి. ఎందుకో మొదట్నించీ సెప్తాను. నాను సెప్పకపోతే మా ఆవిడ సెప్తాది, అది సెప్తే నా పరువు ఊరు దాటిపోతాది.

సంద్రంలో సేపల ఏట నిషేదం కదా. బోట్లన్నీ ఒడ్డెక్కి కూకున్నాయి. సిరిగిన ఒలలు కుట్టుకోడం, టీ తాగడం, మల్లీ ఒలలు కుట్టుకోడం, ఇదే పని. అటు ఇస్కూల్లకి సెలవులు. మా పెద్దోడు తరుణ్ మూడో తరగతికొచ్చినాడు, సిన్నది జానూ ఇప్పుడిప్పుడే బడికి ఎల్తంది. ఇద్దరూ ఒకటే గోల. "నాన్నా, వాటర్ పార్కు! నాన్నా, వాటర్ పార్కు!"

నాకు ఒల్లు మండిపోనాది. "ఒరే, గుమ్మం దిగితే అంత సంద్రముంది. టికెట్టు నేదు, లైను నేదు. మల్లీ నీల్ల కోసం వైజాగ్ ఎల్లడమేటిరా?" అన్నాను.

"సంద్రంలో జారుడుబల్ల నేదు కదా నాన్నా" అన్నాడు మావోడు.

పైగా మా పార్వతి కూడా ఆల్ల జట్టే. "పెల్లయిన కాడ్నించి నన్ను సేపల మార్కెట్టుకి తప్ప ఎక్కడికైనా తీసుకెల్లినావా మావా? నానూ వత్తాను. నానూ జారతాను" అన్నాది. ఇంక సంచి సర్దీసినాను.

తెల్లారే పలాసలో ట్రైనెక్కినాం. పార్కు గేటు కాడికి ఎల్లేసరికి ఎండ నెత్తిమీదకి వచ్చీసినాది. సెక్యూరిటీ ఓడు సంచి ఇప్పమన్నాడు. మా పార్వతి వేపుడు సేసి తెచ్చిన సేపల డబ్బా బైట పెట్టించీసినాడు. అడుగున ఆకుపచ్చ నైలాను తాడు సుట్ట కనిపించినాది. "ఇదేంటి బాబూ?" అన్నాడు. "బట్టలు ఆరేసుకోడానికండి" అన్నాను. లోపలికి ఒగ్గీసినాడు.

ఆ తాడు ఎందుకు తెచ్చినావని మీరు అడగరు, నాకు తెలుసు. కొంతమంది జేబులో దువ్వెనుంటాది, మన సంచిలో తాడుంటాది. తాడు నేకుండా ఇల్లు కదిల్తే నాకు లుంగీ కట్టుకోనట్టే ఉంటాది.

లోపలికెల్తే, ఓలబ్బో, ఎంత జనం! ఇంకో సంగతేటంటే అక్కడ మన గుడ్డలు పనికిరావు, నైలాను డ్రెస్సు అద్దెకి తీసుకోవాల. సిన్నపిల్లలందరికీ ఒకటే నీలం డ్రెస్సు, ఒకటే నీలం టోపీ. ఎవుడి పిల్లడు ఎవుడో కన్నతల్లి కూడా పోల్చలేదు. నాకూ నీలం నిక్కరే. అద్దంలో సూసుకుని, మీసం ఒకటి ఉంది గాబట్టి నానే అనుకున్నాను.

పార్వతి ఆ ఎత్తైన స్లైడు సూసింది. మేడ కన్నా ఎత్తుంది అది. దాని కల్లు మెరిసిపోనాయి. "మావా, నువ్వు పిల్లల్ని సూడు. నానలా ఎల్లి ఒక్కసారి జారొచ్చీత్తాను" అన్నాది. రెండడుగులేసి మల్లీ ఎనక్కొచ్చి, నా మొకం మీద ఏలు పెట్టి సెప్పినాది: "ఇద్దర్నీ నీ సేతిలో పెడతన్నాను. ఇద్దర్నీ మల్లీ నా సేతిలో పెట్టాల. ఒక్కరు తగ్గినా నాను నీ మొకం సూడను."

నాకు రోషమొచ్చీసినాది. "ఏటే, తుపాను గాల్లో బోటు ఒడ్డుకి తెచ్చినోణ్ని, ఈ గోలెంలో నీల్లకాడ ఇద్దరు పిల్లగుంటల్ని కాసుకోలేనేటి?" అన్నాను.

అన్నాను గాని, సుట్టూ సూత్తే నిజంగానే బయమేసినాది. అంతా నీలమే! ఒక్క నిమిసం సెయ్యి ఒగ్గితే ఏ గుంట ఎటు పోతాదో! అప్పుడు నా బుర్ర పని సేసింది. అది పని సెయ్యకపోయినా బాగుండును.

అక్కడ ఒక కాలవుంది. మోకాలికి కొంచెం పైకి లోతు. గాలి ట్యూబులో కూకుంటే నీల్లే మనల్ని మెల్లగా పార్కు సుట్టూ తిప్పి తీసుకొచ్చీత్తాయి. ఇంజను నేదు, డీజిలు నేదు, తెడ్డు నేదు. ఇంత సుకమైన పడవ నాను పుట్టి ఎక్కనేదు. ముగ్గురం మూడు ట్యూబులెక్కినాం. నా తాడు తీసినాను. ఒక కొస నా నడుముకి కట్టుకున్నాను, మద్దెలో తరుణ్ ట్యూబుకి ఒక ముడి, సివర్న జానూ ట్యూబుకి ఒక ముడి. పిల్లలకి ఆడుకోడానికి కొంచెం ఒదులుండాల కదా అని తాడు బారుగా ఒగ్గినాను. ఇంక సూడండి, ఎవుడెత్తుకుపోతాడో!

ముడి ఏం ముడి ఏసినానంటారా? జారుముడి. సంద్రంలో ఒల దేనికైనా తగులుకుంటే ఒక్క లాగుకి తాడు ఊడిపోవాల, నేకపోతే బోటే మునుగుతాది. అందుకే మన సేతులకి అదే వత్తాది. కొస పట్టుకుని లాగితే సాలు, ఊడొచ్చీత్తాది. ఆ ముడి మా తరుణ్‌కి ఈ ఏడే నేర్పినాను, ఇసకలో కూకోబెట్టి. ఆ సంగతి అప్పుడు నాకు గుర్తు రానేదు.

ఓ సుట్టు తిరిగినాం. పిల్లలు కేకలు, నవ్వులు. పైనుంచి ఎండ, కిందనించి సల్లటి నీల్లు, ఈపుకి మెత్తటి ట్యూబు. తెల్లారగట్ల లేచినోణ్ని కదా, కునుకొచ్చీసినాది. పర్లేదులే, నడుముకాడ తాడు బరువు తెలుత్తానే ఉంది, గుంటలిద్దరూ ఉన్నారు అనుకున్నాను. నిజం సెప్తన్నాను, అంత అయిగా నాను ఈ మద్దెకాలంలో తొంగోనేదు.

మెలకువొచ్చేసరికి పిల్లల గొంతులు ఇనపడనేదు. తాడు మాత్రం బిగువుగానే ఉంది. ఎనకాల మలుపుంది, ఆల్లు మలుపు అవతలున్నారు కాబోలు అని, కాల్లు కింద పెట్టి నిలబడి తాడు లాగినాను. బరువు! మావోడు అల్లరికి కాల్లతో ఆపుతన్నాడు అనుకుని, రెండు సేతుల్తో, ఒంగి, ఒల లాగినట్టే లాగినాను. అలవాటు కొద్దీ నోట్లోంచి "ఐలసా" కూడా వచ్చీసినాది.

మలుపులోంచి మొదట ఒక బొజ్జ వచ్చినాది. బొజ్జ ఎనకాల మీసం వచ్చినాది. నల్లద్దాలు పెట్టుకుని, నోరు తెరిసి గురక పెడతన్న పెద్దమనిసి ఒకాయన! తాడు ఆయన ట్యూబుకి కట్టీసుంది. ఆయనెనకాల మిగిలిన తాడుకి తగులుకుని కొత్తగా పెల్లయిన జంట ఒకటి, ఆల్ల ఎనకాల మనవరాల్ని ఒల్లో పెట్టుకున్న ముసలామె ఒకామె. నాను లాగుతున్న కొద్దీ మనుసులొత్తన్నారు! అప్పుడు కూడా ఈ సిగ్గునేని మనసు ఏటనుకుందో తెలుసా? ఈ యేల ఏట బాగుంది అనుకుంది.

విజిలు మోగింది. ఒడ్డుమీద ఎర్ర టీషర్టు కుర్రోడు పరిగెత్తుకొత్తన్నాడు. "సార్! రోప్ నాట్ అలౌడ్ సార్! తీసేయండి సార్!"

ముసలామె తిడతంది. పెల్లికొడుకు నన్నొదిలీసి పెల్లికూతుర్ని ఇడిపిత్తన్నాడు. పెద్దమనిసి ఉలిక్కిపడి లేచినాడు. "ఎవుడ్రా నన్ను కట్టీసినోడు?" అన్నాడు.

మన కాడి యాస ఇని నా పానం లేచొచ్చినాది. "బాబూ, నాది అక్కుపల్లండి. తాడుకి మా గుంటలుండాలండి. మీరొచ్చినారు" అన్నాను.

ఆయన నల్లద్దాలు పైకెత్తి నన్ను సూసినాడు. "అక్కుపల్లా! మాది మందస. అక్కడ సేపల్ని పట్టింది సాలక ఇక్కడ మనుసుల్ని పడతన్నావేటిరా?" అన్నాడు. అందరూ నవ్వినారు.

నాకు నవ్వు రానేదు. ఆయన ట్యూబుకున్న ముడి ఊడలాగి, మలుపు అవతలికి పరిగెత్తినాను. రెండు కాలీ ట్యూబులు గట్టుకి కొట్టుకుంటన్నాయి. పిల్లలు నేరు!

ఇక్కడ మాత్రం నవ్వకండర్రా. ఎన్నోసార్లు అలల మీద బోటు తలకిందులయ్యేలాగుంటే కూడా నాకు అంత బయమెయ్యనేదు. మోకాలిలోతు నీల్లలో అటూ ఇటూ పరిగెడతన్నాను. "తరుణా! జానూ!" అని అరుత్తన్నాను. ఆ పాటల హోరులో నా గొంతు నాకే ఇనపడ్డం నేదు. ఒక నీలం టోపీ కనబడితే భుజం పట్టుకుని తిప్పినాను. "ఎవరు అంకుల్ మీరు?" అన్నాడు ఆ పిల్లడు. ఇంకో నీలం టోపీ. అదీ కాదు. మందస బాబు కూడా పాపం బొజ్జ ఏసుకుని నాతో పరిగెత్తుతన్నాడు. "కంగారు పడకురా, ఎక్కడికీ పోరు, ఇక్కడే ఉంటారు" అంటన్నాడు గాని ఆయన మొకంలోనూ కంగారే. పార్వతికి ఏం సెప్పాల? ఏ మొకం పెట్టుకుని సెప్పాల? కల్లల్లోంచి నీల్లొచ్చీసినాయి. తడిసున్నాను గాబట్టి ఎవులూ పోల్చనేదు.

అప్పుడు పాట ఆగిపోనాది. మైకులో ఓ ఆడపిల్ల గొంతు. "దయచేసి వినండి. అక్కుపల్లి నుంచి వచ్చిన నూకరాజు గారూ, మీరు ఎక్కడున్నా వెంటనే గేటు పక్కనున్న కౌంటరు దగ్గరికి రండి. మీరు తప్పిపోయారని మీ పిల్లలు కంగారు పడుతున్నారు. నూకరాజు గారి గుర్తులు: నీలం నిక్కరు, మీసం, నడుముకి ఆకుపచ్చ తాడు."

సుట్టుపక్కల ఉన్న జనం అందరూ ఒక్కసారే తిరిగి నా నడుముకేసి సూసినారు. తాడు ఉంది. ఎనకాల బారుగా ఈడ్సుకుంటా వత్తంది.

మందస బాబు నా భుజం మీద సెయ్యేసినాడు. "ఓరి నీ ఇల్లు బంగారం గానూ! తప్పిపోయింది గుంటలు కాదురా, నువ్వు! ఎల్లు, బేగి ఎల్లు" అన్నాడు.

తాడు సంకలో పెట్టుకుని పరిగెత్తినాను. కౌంటరు కాడ సిన్న సిన్న పలాస్టిక్ కుర్సీల మీద ఇద్దరూ కూకుని, కాల్లు ఊపుకుంటా, సాక్లెట్లు తింటన్నారు. నాకు పానం తిరిగొచ్చినాది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చీసినాయి. ఆల్లని గుండెకి అదుముకున్నాను.

"ఎక్కడికెల్లిపోనార్రా? తాడు ఎందుకు ఇప్పినావురా?" అన్నాను.

తరుణ్ తాపీగా సెప్పినాడు. "జానూకి ఒంటేలొచ్చింది నాన్నా, బాత్రూముకి తీసుకెల్లాల. నిన్ను లేపినాను, నువ్వు లేవనేదు. అందుకే జారుముడి లాగీసినాను. ఒట్టినే ఒగ్గీత్తే నువ్వు కొట్టుకుపోతావు కదా, అందుకని ఆ లావు తాతకి కట్టీసినాను. బోటుని బరువైందానికి కట్టాలని నువ్వే కదా సెప్పినావు? మేం తిరిగొచ్చీసరికి నువ్వూ నేవు, ఆ తాతా నేడు. తాతతో కలిపి కొట్టుకుపోనావనుకున్నాం."

నాను నేర్పిన పనే, ఒక్క తప్పు నేదు. మన బోటు మీద కుర్రోల్లకి కూడా ఇంత బాగా రాదు.

"పదండి, అమ్మ కాడికి ఎల్దాం" అని లేచినాను. కౌంటరు పిల్ల ఆపినాది. "ఒక్క నిమిషం సార్. పాపా, ఈయనేనా మీ నాన్న?"

జానూ నన్ను కిందనించి పైదాకా సూసినాది. "మా నాన్నే" అన్నాది. నాను ఊపిరి పీల్చుకున్నాను. "కాని అమ్మ వచ్చీదాకా ఈయన్ని ఎక్కడికీ ఒగ్గకండి. మల్లీ తప్పిపోతాడు."

"అమ్మా, నానే పెద్దోణ్ని, ఆల్లని నాను తీసుకెల్లాల" అన్నాను.

"అదే కదా సార్, పిల్లలు తప్పిపోలేదు, మీరు తప్పిపోయారు. మీ వాళ్లు పెద్దవాళ్లు ఎవరైనా రావాలి. కూర్చోండి సార్" అన్నాది. మూడో కుర్సీ సూపించినాది. అదీ పిల్లలదే. కూకుంటే మోకాల్లు గడ్డానికి తగిలినాయి. ఒక పక్క తరుణ్, ఒక పక్క జానూ. తాడు కొస జానూ తన సేతికి సుట్టుకుంది.

కొంతసేపటికి పార్వతి వచ్చినాది. జుట్టంతా నీల్లోడుతంది, మొకం ఎలిగిపోతంది. "పైనుంచి జారుతా ఉన్నాను మావా, సరిగ్గా మద్దెలో ఉండగా నీ పేరు ఇనబడినాది. ఆగుదామంటే ఆ స్లైడు ఆగదు కదా! నీ పేరు ఇనుకుంటా నీల్లలో పడినాను" అని కడుపు పట్టుకుని నవ్వింది. తిడతాదనుకున్నాను. నవ్వేసరికి నాకు ఇంకా సిగ్గేసినాది.

"మేడమ్, వీళ్లు మీ వాళ్లేనా?" అన్నాది కౌంటరు పిల్ల.

పార్వతి వరసగా తరుణ్‌ని సూసింది, నన్ను సూసింది, జానూని సూసింది. "ముగ్గురూ మావోల్లేనమ్మా" అన్నాది. "ఇద్దర్నే అనుకున్నాను, ముగ్గురున్నారు."

ఆ పిల్ల నవ్వు ఆపుకుని, డబ్బాలోంచి సాక్లెట్టు తీసి నా సేతిలో పెట్టినాది. తప్పిపోయినోల్లకి అక్కడ అలగ ఇత్తారట. ఒద్దనడానికి నోరు తెరిసినాను. తెరిసిన నోట్లో జానూ ఆ సాక్లెట్టు పెట్టీసి, "ఏడవకు నాన్నా, అమ్మొచ్చీసింది" అన్నాది.