మల్పాల్నా టీచర్?

పోతిరెడ్డిపల్లిలో మా ఇంటి ఎదుటి ఖాళీ ప్లాటులో నిన్న సాయంత్రం ఎవరో ఎండుగడ్డి తగలబెట్టి, పైన బకెట్టుతో నీళ్లు కుమ్మరించారు. తడిసిన బూడిద వాసన కిటికీలోంచి వచ్చేసరికి నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నాకది సరళ టీచర్ వాసన. శనివారం సాయంత్రాలు ఆవిడ చీర కొంగు అచ్చం ఇలాగే వాసన వేసేది.

టీచర్‌ది కృష్ణా జిల్లా వైపు. భర్త ఉద్యోగం కోసం ఇటొచ్చి, చిట్కుల్ దగ్గర మా బడిలో లెక్కలు చెప్పేవారు. శనివారం మధ్యాహ్నం మమ్మల్ని ఊరవతలి మోదుగు అడవికి తీసుకెళ్లేవారు. చెట్ల మధ్య తాడు కట్టి టార్పాలిన్ గుడారం వేయడం, గాలి వాలు చూసి పొయ్యి పెట్టడం, నేల మీద అడుగులు చూసి కుందేలో నక్కో చెప్పడం అక్కడే నేర్చుకున్నాం. తరగతిలో నిష్పత్తి అంటే గుడ్లు తేలేసే నేను, కర్ర నీడతో చెట్టు నీడను పోల్చి చెట్టు ఎత్తు చెప్పింది కూడా అక్కడే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మా నాయన పగలబడి నవ్వేవాడు. "అడివిల సదువేందే? ఇగ మేకలకు గూడ హాజరు ఏస్తదా మీ టీచరమ్మ?" ఆ మాట టీచర్‌కు చేరవేస్తే, "వేస్తానని చెప్పు. మీకంటే అవే నయం, అల్లరి చేయవు" అన్నారు.

నిప్పు విషయంలో మాత్రం ఆవిడ నవ్వేవారు కాదు. "నేను చెప్పకుండా మంట జోలికి ఎవరూ పోవద్దు" అన్నది కట్టడి. వంటయ్యాక ఆవిడే నీళ్లు పోసి, మన్ను కప్పి, బూడిదలో అరచెయ్యి పెట్టి చూసేవారు. చల్లగా తగిలితేనే ఇంటికి బయల్దేరేవాళ్లం.

ఒక ఎండాకాలం ఓ పిల్ల కాల్లో తుమ్మముల్లు దిగింది. టీచర్ ఆ పిల్లను ఎత్తుకుని బండ్లబాట వైపు గబగబా నడిచారు. పొయ్యి దగ్గర నా పక్కన నిలబడ్డ కవిత నీళ్ల బిందె పట్టుకుని గట్టిగా అరిచింది. "మల్పాల్నా టీచర్?" ఆవిడ వెనక్కి చూడకుండానే, "ఇప్పుడే వద్దు, నేను చెప్పాక!" అన్నారు. కాసేపటికి అందరినీ రమ్మని కేకేశారు. ఎప్పుడూ ఆవిడే కదా ఆర్పేది, మళ్లీ వస్తారనుకుని కవిత బిందె దించేసింది, అందరం పరుగెత్తాం. ఆ సాయంత్రం గాలి లేచింది. అడవి అంచునున్న రైతు గడ్డివాము కాలి బూడిదైంది.

సోమవారం హెడ్మాస్టర్ గదిలో కవిత వెక్కివెక్కి ఏడ్చింది. "మల్పాల్నా అని అడిగిన సార్. టీచరే వద్దన్నది."

టీచర్ బిత్తరపోయి చూశారు. "బాట మలుపు తిరగాలా అని అడుగుతోందనుకున్నాను. మలపడమంటే?"

"మంట ఆర్పుడమ్మా. మా దిక్కు గట్లనే అంటరు" అన్నారు హెడ్మాస్టర్.

ఆ మాట పట్టుకుని ఆవిడ తప్పించుకోవచ్చు. భాష తెలియలేదంటే అందరూ ఒప్పుకునేవారే. ఆవిడ కవిత తల మీద చెయ్యి వేశారు. "పిల్ల అడిగింది. నేనే వద్దన్నాను. దాన్నేమీ అనకండి" అన్నారు. శనివారాలు ఆ రోజుతో ఆగిపోయాయి. తర్వాత కూడా లెక్కలు బాగానే చెప్పారు గానీ, పాఠం మధ్యలో కిటికీ వైపు చూసి ఎక్కడ ఆపారో మరిచిపోయేవారు. ఇప్పుడు ఆ మోదుగు చెట్ల చోట కార్మికులకు కిరాయికిచ్చే గదులున్నాయి.

చాలా ఏళ్లకు పటాన్‌చెరు బస్టాండులో కనిపించారు. రిటైరై సొంతూరు వెళ్లిపోతున్నానన్నారు. "ఇంట్లో లైటు మలుపు అంటే మావాళ్లు నవ్వుతారే" అని తానూ నవ్వారు. బస్సు కదలబోతుంటే నా చెయ్యి వదలకుండా, "ఏమన్నావు, మళ్లీ చెప్పు అని అడిగి ఉంటే సరిపోయేది కదూ?" అన్నారు. ఆ తర్వాత ఆవిడను చూసే రాత నాకు లేకపోయింది.

నిన్న ఆ వాసనలో అలాగే కూర్చుండిపోతే, వంటింట్లోంచి నా బిడ్డ ఏదో అడిగింది, సరిగ్గా వినపడలేదు. సరే అని ఊరుకోవచ్చు. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లాను.

"ఏమన్నవ్ బిడ్డా? మళ్ల చెప్పు."