కూనూరు కింద పదకొండు కిలోమీటర్లు

మా మేనత్త పోయిందని పోయిన మంగళవారం పొద్దున్నే బాపట్ల నుంచి ఫోనొచ్చింది. నిద్రలోనే వెళ్లిపోయిందట. సమాధుల తోటలో పాస్టరు గారు ప్రార్థన చేసి, డ్రిల్ టీచరుగా ఆమె ఎంతమంది ఆడపిల్లలకి పరుగు నేర్పిందో చెప్పి, "ఆ రోజుల్లోనే స్కూటరు మీద ఊటీ వెళ్లొచ్చిన మనిషి" అన్నారు. అందరూ తలలూపారు. నాకు మాత్రం అక్కడే లేచి ఆయన్ని సరిదిద్దాలనిపించింది. ఒకసారి కాదండీ, రెండుసార్లు. ఆ రెండో ప్రయాణం ఎందుకో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను కనక ఇది రాస్తున్నాను.

తొంభైల మొదట్లో మాట. మాది రేపల్లె. నేను తెనాలిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. పెళ్లి ఊసెత్తనివ్వకుండా బాపట్లలో ఒక్కతే ఉంటున్న మా అత్తయ్య గేర్లు లేని చిన్న స్కూటరు కొనుక్కుంది. ఆడవాళ్లు ఆఫీసుకీ, బజారుకీ వేసుకెళ్లే రకం. చీర కుచ్చిళ్లు పైకి దోపి, కాన్వాసు బూట్లు తొడిగి, మెడలో స్కూలు ఈల వేసుకుని నడిపేది. హారన్ పలక్కపోతే ఈల ఊదేది. గేదెలు కూడా తప్పుకునేవి. చీమైనా లేని రోడ్డు మీద సైతం మలుపు దగ్గర చెయ్యి చాపేది. ఎవరి కోసం అత్తయ్యా అని నవ్వితే, "నా కోసమే. చెయ్యి అలవాటు తప్పకూడదు" అనేది.

వేసవి సెలవుల్లో ఊటీ పోతానని ఆవిడ అన్నప్పుడు మా నాన్న, అంటే ఆమె అన్నయ్య, గట్టిగా గొడవపడ్డాడు. ఆవిడ వినే రకం కాదు. చివరికి ఒంటరిగా వద్దని నన్ను తోడిచ్చాడు. నన్ను ఎక్కడా ఒక్కదాన్ని వదలనని చెల్లెలి చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు. ఇంతకీ నేనెలాంటి తోడంటే, తెనాలి నుంచి రేపల్లెకి రైలు కూడా ఒంటరిగా ఎక్కని తోడు.

మా డెల్టా వాళ్లకి ఎత్తంటే కాలవ మీది వంతెనే. ఆదివారాలు తెనాలి వచ్చి, వెనక నన్నూ, ముందు కాళ్ల దగ్గర బియ్యం మూటనూ పెట్టి, వంతెన ఎక్కించి దించి, మళ్లీ ఎక్కించేది. రిక్షావాళ్లు బళ్లాపి చూసేవారు. ఇరవై సార్లయ్యాక దిగి, "ఎక్కింది కదా, ఊటీ కూడా ఎక్కుద్ది" అని తేల్చేసింది. నేను నమ్మాను. మేమిద్దరం అప్పటిదాకా కొండని క్యాలెండర్లోనే చూశాం మరి.

ఆరు రోజుల ప్రయాణం. పాస్టరు గారి ఉత్తరం చూపించి చర్చి హాస్టళ్లలో పడుకున్నాం. బండి మొరాయిస్తే ప్లగ్గు తీసి చీర చెంగుతో తుడిచేది. నేను ఏడుపు మొహం పెడితే, "ఏడుపు తర్వాత. ముందు పానా అందుకో" అనేది. ఒక నియమం మాత్రం గట్టిగా పెట్టుకుంది. లారీ ఎక్కించడాలూ, తాడు కట్టి లాగించడాలూ కూడదు. బాపట్ల నుంచి ఊటీ దాకా ప్రతి గజమూ తన బండే నడవాలి.

మెట్టుపాళయం దాటాక ఘాట్ రోడ్డు మొదలైంది. మొదటి మలుపులు మూలుగుతూనే ఎక్కాం. కూనూరు ఇంకా పదకొండు కిలోమీటర్లని రాయి కనబడిన చోట బండి ఇక కదలనంది. అక్కడి టీ కొట్టతను నెల్లూరులో పనిచేశాడట, తెలుగొచ్చు. అమ్మాయిని బస్సెక్కించి పంపండమ్మా, మీరొక్కరే అయితే బండి లాగుద్ది అన్నాడు. నిజమే. ఆ మాట నాకూ అర్థమైంది. కానీ భాష తెలియని బస్సులో ఒంటరిగా పోవడం నా వల్ల కాలేదు. "నేను పోను అత్తయ్యా" అని అందరిముందూ ఏడ్చేశాను. ఆ పదకొండు కిలోమీటర్లు ఆవిడకేమిటో నాకు తెలుసు. అయినా "నడుద్దాం పద" అని బండి నెట్టుకుంటూ బయల్దేరింది.

కూనూరు దాటాక ఎక్కుడు తగ్గి, బండి మళ్లీ మా ఇద్దర్నీ ఊటీ దాకా మోసింది. తిరిగొచ్చాక స్కూల్లో సభ పెట్టారు. శాలువా కప్పారు. స్కూటరుపై ఊటీ యాత్ర పూర్తిచేసినట్టు సర్టిఫికెట్ చదివారు. అత్తయ్య మైకు అందుకుని, "చాలా సంతోషమండి. కానీ పదకొండు కిలోమీటర్లు నేను నడిచానండి. ఆ మాట కూడా రాయించండి" అంది. తమాషా అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా తీసుకుని, సర్టిఫికెట్ బల్ల మీదే వదిలేసి వచ్చేసింది. ఎవరి వల్ల నడిచిందో మాత్రం ఎక్కడా చెప్పలేదు. ముందు వరసలో కూర్చున్న నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మరుసటి వేసవిలో ఆవిడ టైర్లు మార్పిస్తోందని తెలిసి తెనాలి నుంచి బాపట్ల వెళ్లాను. అవును, ఒక్కదాన్నే.

"నేనూ వస్తాను అత్తయ్యా."

"నువ్వెందుకే మళ్లీ?"

"మెట్టుపాళయంలో బస్సెక్కడానికి."

స్పానరు కింద పెట్టి నవ్వింది. ఒట్టు సంగతి ఇద్దరం ఎత్తలేదు.

మెట్టుపాళయంలో ఒక్కదాన్నే బస్సెక్కి, డ్రైవరు వెనక సీట్లో సంచి గుండెలకి హత్తుకుని కూర్చున్నాను. కూనూరు మొదట్లో దిగి రోడ్డు పక్కన నిలబడ్డాను. గంట దాటింది. ఎన్ని మొక్కుకున్నానో ఆ దేవుడికే తెలియాలి. అప్పుడు కింద మలుపులో అత్తయ్య కనబడింది. మనిషి నడిచే వేగమే, కానీ బండి మీద. ఆమె వెనక ఇరుకు దారిలో రెండు లారీలు, ఒక బస్సు, నాలుగైదు కార్లు బారులు తీరి వస్తున్నాయి. ఎవరూ హారన్ కొట్టడం లేదు. పక్కన నిలబడ్డ పెద్దాయన అరవంలో ఏదో అడిగాడు. "మా అత్తయ్య" అన్నాను తెలుగులోనే, గట్టిగా.

నా ముందుకొచ్చింది. ఆగుతుందనుకుని చెయ్యెత్తాను. ఆగలేదు, నా వైపు చూడనైనా లేదు. కూనూరు అని రాసిన రాయి ఇంకో వంద గజాల పైన ఉంది.